కేప్ తీరం వెంట మిత్రులతో కారు ప్రయాణం: తూర్పు నుంచి పడమరకు

దక్షిణాఫ్రికా దక్షిణ తీరాన్ని కారులో చూడాలనుకునేవారిలో చాలామంది కేప్‌టౌన్‌లో బయలుదేరి తూర్పుగా పోర్ట్ ఎలిజబెత్ వరకు, అంటే 2021లో గ్కెబెర్హాగా పేరు మారిన నగరం వరకు వెళ్తారు. మేం నలుగురు మిత్రులం మొదటిసారి అలాగే వెళ్ళాం. రెండవసారి పోర్ట్ ఎలిజబెత్‌లో విమానం దిగి పడమరగా వచ్చాం. ఇప్పుడు ఎవరు అడిగినా నేను రెండవ పద్ధతినే చెబుతాను. అక్కడ వాహనాలు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి. పడమరగా వచ్చేటప్పుడు సముద్రమూ ఎడమవైపే ఉంటుంది కాబట్టి, ఆగి చూడాలనిపించిన చోటల్లా ఎదురు వాహనాలను దాటే పని లేకుండా తీరం వైపున్న జాగాలో కారు నిలపవచ్చు. అయితే మధ్యాహ్నం దాటాక ఎండ డ్రైవరు కళ్ళలోకి కొడుతుంది గనుక దూరప్రయాణం ఉదయమే ముగించుకోవాలి.

ఎన్2 రహదారి మీద ఈ దూరం సుమారు 750 కిలోమీటర్లు. ఒక్క రోజులో దాటగలిగినా, కనీసం తొమ్మిది రోజులు పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనువైనవి. డిసెంబరు సెలవుల్లో బసలు దొరకడం కష్టం.

అద్దె కారును ఒక ఊళ్ళో తీసుకుని మరో ఊళ్ళో అప్పగిస్తే సాధారణంగా అదనపు రుసుము ఉంటుంది, దాన్ని ముందే అడిగి తెలుసుకోవాలి. వంతులవారీగా నడపబోయే ప్రతి ఒక్కరి పేరూ ఒప్పందంలో రాయించాలి. అందరి సామానూ డిక్కీలో పట్టి, మూత పడే కారునే ఎంచుకోవాలి. సీటు మీద కనిపించే చిన్న సంచి కూడా అద్దం పగలడానికి కారణం కాగలదు. మా మొదటి ప్రయాణంలో ఒక మిత్రుడి జాకెట్ అలాగే పోయింది. రిమోట్‌తో తాళం వేశాక తలుపు లాగి చూడడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే ఆ సంకేతాన్ని అడ్డుకునే దొంగలు ఉన్నారు.

రోడ్డు మర్యాదలు తొందరగానే పట్టుబడతాయి. ట్రాఫిక్ సిగ్నల్‌ను అక్కడ రోబో అంటారు. నాలుగువైపులా స్టాప్ గుర్తులున్న కూడలిలో ముందు వచ్చి ఆగినవారే ముందు కదులుతారు. పగటిపూట వెనుక వేగంగా వచ్చే కారుకు, దారి స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు, రోడ్డు అంచున ఉండే పసుపు గీత దాటి పక్కకు జరిగి దారి ఇస్తే, ఆ డ్రైవరు దాటాక హజార్డ్ లైట్లు రెండుసార్లు వెలిగించి కృతజ్ఞత చెబుతాడు. మీరు హెడ్‌లైట్లు ఒకసారి వెలిగించి బదులు చెప్పాలి. పెట్రోలు బంకులో సిబ్బందే నింపి అద్దం తుడుస్తారు, కొన్ని రాండ్లు (అక్కడి డబ్బు) ఇవ్వడం ఆనవాయితీ. చీకటి పడ్డాక మనుషులూ పశువులూ రోడ్డు మీదికి వచ్చే ప్రమాదం ఉన్నందున రాత్రి ప్రయాణం వద్దు.

మొదటి రెండు రాత్రులూ సిత్సికామా జాతీయ ఉద్యానవనంలోని స్టార్మ్స్ నది ముఖద్వారం దగ్గర ఉండండి. అక్కడ 77 మీటర్ల వేలాడే వంతెన మీద నిలబడి కిందికి చూస్తే నది నీళ్ళు పాలు పోయని టీ డికాక్షన్ రంగులో కనిపిస్తాయి. అది మురికి కాదు, ఎగువనున్న మొక్కల నుంచి దిగిన టానిన్ల రంగు. ఆ నల్లని నీరు సముద్రపు తెల్లని నురుగును తాకే గీతను మేం మాటలు మాని చాలాసేపు చూశాం. అక్కడికి దగ్గరలోనే 216 మీటర్ల ఎత్తున్న బ్లౌక్రాన్స్ వంతెన మీద బంజీ జంప్, అంటే సాగే తాడు కట్టుకుని కిందికి దూకే ఆట, ఉంది. దూకనన్న మిత్రుణ్ణి బలవంతపెట్టవద్దు. తోడుగా పైన నిలబడేవారు కూడా కావాలి.

ఆ తర్వాత ప్లెటెన్‌బర్గ్ బేలో రాబర్గ్ ద్వీపకల్పం చుట్టూ నడిచి సీల్ జంతువులను చూడవచ్చు, నైస్నాలో మడుగు ఒడ్డున ఒక రోజు తీరికగా గడపవచ్చు. మాసెల్ బేలో, 1488లో బార్తొలొమ్యు డయాస్ దిగిన తీరం దగ్గర, ఒకప్పుడు నావికులు ఉత్తరాలు ఉంచేవారని చెప్పే చెట్టు ఉంది. అక్కడి నుంచి కేప్ అగుల్హాస్‌కు వెళ్ళాలి. ఆఫ్రికా దక్షిణపు కొస ఇదే, చాలామంది అనుకునే కేప్ ఆఫ్ గుడ్ హోప్ కాదు. హిందూ, అట్లాంటిక్ మహాసముద్రాల సరిహద్దును సూచించే రాయి ఇక్కడే ఉంది.

హెర్మానస్‌కు మాత్రం రెండు పూర్తి రోజులు కేటాయించండి. జూన్ నుంచి నవంబరు వరకు సదరన్ రైట్ తిమింగలాలు ఒడ్డుకు చాలా దగ్గరగా వస్తాయి కాబట్టి, పడవ ఎక్కకుండానే కొండ అంచు కాలిబాట నుంచి చూడవచ్చు. నీటి మీద రెండు పాయలుగా చీలి లేచే ఆవిరి కోసం వెతకండి. అది కనిపించిన చోటే కొన్ని నిమిషాలు చూపు నిలిపితే నల్లని వీపు తేలుతుంది. బైనాక్యులర్లు వంతులవారీగా కాకుండా తలా ఒకటి ఉంటే మంచిది.

చివరి రోజు సైమన్స్ టౌన్ దగ్గరి బౌల్డర్స్ తీరంలో పెంగ్విన్లను చూసి, నూర్డ్‌హుక్ నుంచి హౌట్ బే వైపు చాప్‌మన్స్ పీక్ దారి పట్టండి. సుమారు తొమ్మిది కిలోమీటర్ల ఈ టోల్ రోడ్డు మీద ఈ దిశలోనే సముద్రం మీ పక్కన ఉంటుంది. రాళ్ళు పడే ప్రమాదం ఉంటే దాన్ని మూసివేస్తారు కనుక ఆ ఉదయమే కనుక్కొని, తెరిచి ఉంటే సూర్యాస్తమయానికి గంట ముందు బయలుదేరండి.