కొత్త ట్యాంకులో చేపలు చనిపోకుండా నేను చేసింది

నల్గొండలో మా ఇంట్లో 60 లీటర్ల ట్యాంకు. చేపలు వేసిన నాలుగైదు రోజులకే నీళ్లు పాలలా తెల్లబడేవి, చేపలు పైకి తేలి నోరు తెరిచేవి. నీళ్లన్నీ మార్చాను, ఉప్పు వేశాను, సీసాలో అమ్మే బ్యాక్టీరియా కూడా పోశాను, లాభం లేదు.

చివరికి మిర్యాలగూడలో మా బామ్మర్ది పాత ట్యాంకు ఫిల్టర్ స్పాంజి అడిగాను. "బావా, ఆ మురికి నీకెందుకు?" అని నవ్వాడు. అసలు సరుకు ఆ మురికే. చేపలకు విషమైన అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజిలో, మురికిలో ఉంటుంది. స్పాంజిని ఆ ట్యాంకు నీళ్లతోనే కవర్లో కట్టి, ఆరకుండా బస్సులో తెచ్చాను. ఇంటికి రాగానే నా ట్యాంకులోనే పిండాను. గోధుమరంగు మడ్డి దిగి, నీళ్లు టీలా అయ్యాయి. ఆ స్పాంజినే కొత్త ఫిల్టర్‌లో కొత్త స్పాంజి పక్కన పెట్టి, రాత్రీపగలూ ఆడించాను. చేపలు లేవు, రోజూ చిటికెడు మేత మాత్రం వేశాను, అది కుళ్లి ఆ బ్యాక్టీరియాకు ఆహారంగా అమోనియా రావాలి కదా. టెస్ట్ కిట్‌లో ముందు అమోనియా, తర్వాత నైట్రైట్ పెరిగాయి. పదిహేడో రోజుకు రెండూ సున్నా, నైట్రేట్ కనిపించింది. అప్పుడు రెండే గప్పీలు వేశాను.

మాది బోరు నీళ్లు, పైగా ఎండాకాలం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఈ బ్యాక్టీరియా చస్తుంది. చలికాలంలో ఇంకా ఆలస్యం కావచ్చు. జబ్బు చేపలున్న ట్యాంకు స్పాంజి మాత్రం తేవద్దు.