ఎంజైమ్ బస్తా విప్పే ముందు

మేత బాగా అరగడానికి దాణా మిల్లులో కలిపే ఎంజైమ్ పొడిని చూసి ఎవరూ భయపడరు. యాసిడ్‌లా చేతిని కాల్చదు, ఘాటు వాసన ఉండదు, పైగా ప్యాకెట్ మీద ‘సహజమైనది’ అని ఉంటుంది. అందుకే తవుడు బస్తా విప్పినంత తేలిగ్గా దాన్నీ విప్పేస్తారు. కానీ ఆ పొడితో అసలు ప్రమాదం ఊపిరితిత్తులకే. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు, వాళ్లకు పని నేర్పేవాళ్లు ముందుగా ఆ సంగతి తెలుసుకోవాలి.

ఫైటేజ్, జైలనేజ్, ఎమైలేజ్, ప్రొటియేజ్ లాంటి దాణా ఎంజైమ్‌లను ఆస్పర్‌జిల్లస్, ట్రైకోడెర్మా వంటి శిలీంధ్రాలతోనూ, బాసిల్లస్ వంటి బ్యాక్టీరియాతోనూ పెద్ద ట్యాంకుల్లో తయారు చేస్తారు. తర్వాత వాటిని వడకట్టి, చిక్కబరిచి, పొడిగానో గుళికలుగానో ద్రవంగానో అమ్ముతారు. ‘సూక్ష్మజీవుల సరుకు కదా, ఇన్ఫెక్షన్ వస్తుందేమో’ అని కొందరికి టెన్షన్. అసలు సమస్య అది కాదు. ఎంజైమ్ అంటే ప్రోటీన్. మన శరీరానికి అది పరాయి ప్రోటీన్. పీల్చిన కొద్దీ శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని ప్రతిరోధకాలు తయారు చేసుకుంటుంది. ఇది వారాల్లో జరగవచ్చు, నెలలు పట్టవచ్చు. ఆ రోజుల్లో మనిషికి ఏమీ తెలియదు. ఒకసారి అలర్జీ కుదిరాక మాత్రం కంటికి కనిపించనంత ధూళికే దగ్గు, ఆయాసం, పిల్లికూతలు మొదలవుతాయి. మందులతో ఆయాసం తగ్గించవచ్చు కానీ, ఆ అలర్జీని శరీరం మరిచిపోయేలా చేసే దారి దాదాపు లేదు. ఆ మనిషి ఆ పని మానుకోవాల్సిందే.

ఇది ఊహ కాదు. 1960లలో డిటర్జెంట్లలో బాసిల్లస్ ప్రొటియేజ్ పొడి కలపడం మొదలయ్యాక, బ్రిటన్‌లోని ఫ్యాక్టరీ కార్మికులకు వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు గురించి 1969లో లాన్సెట్ వైద్య పత్రికలో వివరాలు వచ్చాయి. ఆ తర్వాతే పొడికి పూత వేసి గుళికలుగా చేయడం ఊపందుకుంది. పిండి మిల్లుల్లో, బేకరీల్లో శిలీంధ్ర ఎమైలేజ్ వల్ల ఆస్తమా రావడమూ వైద్యులకు బాగా తెలిసిన విషయమే. బాసిల్లస్ ప్రొటియేజ్ అయిన సబ్టిలిసిన్‌కు పనిచోట ఆరోగ్య రక్షణకు పరిమితులు సూచించే అమెరికా సంస్థ ఏసీజీఐహెచ్ చెప్పే గరిష్ఠ పరిమితి ఘనపు మీటరు గాలికి 60 నానోగ్రాములు (గ్రాములో వంద కోట్లవ వంతు ఒక నానోగ్రాము). అంటే ఒక్క గ్రాము శుద్ధ ఎంజైమ్ కోటిన్నర ఘనపు మీటర్ల గాలిలో సమానంగా కలిసినా ఆ గీత దాటినట్టే. ‘కొంచెం పొడి ఎగిరితే ఏమవుతుందిలే’ అనే మాటకు ఈ లెక్క చాలు.

కాబట్టి కొనేటప్పుడే పొడి కాకుండా పూత వేసిన గుళికలు దొరుకుతాయేమో అడగండి. అయితే గుళికలను కాలి కింద తొక్కినా, గరిటెతో నలిపినా మళ్లీ పొడే అవుతుంది. తూకం వేసే చోట ధూళిని లాగేసే ఎగ్జాస్ట్ ఉండాలి. ఫ్యాన్ ఆపేయాలి. ఉక్కపోతగా ఉందని టేబుల్ ఫ్యాన్ పెట్టుకునేవాళ్లు గదంతా ఎంజైమ్ చల్లుతున్నట్టే. ముక్కుకు చేతిరుమాలు, సర్జికల్ మాస్క్ పనికిరావు. ముఖానికి అతుక్కుని ఉండే రెస్పిరేటర్ కావాలి. ఎన్95 కనీస స్థాయి, ఇంకా సన్నగా వడకట్టే పీ3 ఫిల్టర్ ఇంకా నయం. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది, ఎంత ఖరీదైన మాస్క్ అయినా వృథా. బస్తాను కత్తితో నిదానంగా కోసి, గరిటెను లోపలికి పెట్టి తీయండి. ఎత్తు నుంచి కుమ్మరించొద్దు. ఎక్కువమంది గమనించనిది ఖాళీ బస్తా. దాన్ని దులపడం, గాలి పోయేలా నొక్కి మడవడం చేస్తే పని మొత్తంలో ఎగరని ధూళి ఆ ఒక్క క్షణంలో ముఖం మీదికి ఎగురుతుంది.

కింద ఒలికితే చీపురు వద్దు, కంప్రెసర్ గాలి అసలే వద్దు. సన్నటి ధూళిని కూడా పట్టి ఆపే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో తీయండి, లేదా తడిగుడ్డతో తుడవండి. ద్రవ ఎంజైమ్ అయితే ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొడితే సన్నటి తుంపర గాలిలో కలుస్తుంది. ఒలికినదాన్ని ఎండిపోనిచ్చినా మళ్లీ ధూళే. ప్రొటియేజ్ అయితే చర్మాన్ని కూడా రేపుతుంది, చెమట పట్టిన మణికట్టు, గ్లౌజుల అంచుల దగ్గర ఎర్రబడుతుంది. కళ్లలో పడితే 15 నిమిషాలైనా ధారగా నీళ్లతో కడిగి డాక్టర్‌కు చూపించాలి. పని బట్టలు అక్కడే మార్చుకోండి, వాటిని ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

పనిలో చేరేముందే ఊపిరితిత్తుల పరీక్ష ఒకటి చేయించి పెట్టుకోవాలి. తర్వాత వచ్చే తేడా దానితోనే తెలుస్తుంది. లక్షణాలు ఒక్కోసారి పని ముగిశాక గంటల తరబడి ఆగి, అర్ధరాత్రి దగ్గుగా వస్తాయి. అందుకే జలుబు చేసిందనో వాతావరణం మారిందనో సరిపెట్టుకుంటారు. సెలవుల్లో తగ్గి, పనికి రాగానే మళ్లీ మొదలైతే అనుమానించండి. డాక్టర్‌కు ‘దాణా మిల్లులో పని’ అని చెప్పి ఊరుకోకుండా, ఏ ఎంజైమ్ వాడుతున్నారో పేరుతో చెప్పండి, సరుకుతో వచ్చే భద్రతా పత్రం (సేఫ్టీ డేటా షీట్) ఉంటే చూపించండి.

ఇక దాణా సంగతి. ఎంజైమ్ కూడా సున్నితమైనదే. తేమ తగిలితే, ఎండ వేడికి గురైతే బలం తగ్గుతుంది. వానాకాలంలో విప్పిన ప్యాకెట్‌ను గట్టిగా మూసిపెట్టాలి. దాణాలో పోషకంగా కలిపే కోలిన్ క్లోరైడ్, ఖనిజ లవణాలతో కలిపి నెలల తరబడి నిల్వ చేయొద్దు. గ్రాముకు 5,000 ఎఫ్‌టీయూ (ఫైటేజ్ బలాన్ని కొలిచే యూనిట్) బలమున్న ఫైటేజ్‌తో కిలో దాణాకు 500 ఎఫ్‌టీయూ అందాలంటే టన్నుకు 100 గ్రాములే పడుతుంది. అంత కొద్దిదాన్ని నేరుగా మిక్సర్‌లో వేస్తే ఒకచోట ముద్ద, ఇంకోచోట సున్నా. ముందు కొన్ని కిలోల దాణాలో కలిపి, ఆ మిశ్రమాన్ని వేయాలి. దాణాలో సున్నపురాయి ఎక్కువైతే ఫైటేజ్ పని మందగిస్తుంది.

బూజు పట్టిన దాణా గురించి ఒక అపోహ వినిపిస్తుంటుంది. ఎంజైమ్‌లు ఇచ్చేది బూజే కదా, కాస్త బూజు ఉంటే మంచిదేనని. కాదు. ఆస్పర్‌జిల్లస్ ఒరైజే ఎంజైమ్ ఇస్తుంది, దాని దగ్గరి బంధువు ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అఫ్లటాక్సిన్ అనే విషాన్ని ఇస్తుంది. గింజల మీద పెరిగింది ఏదో కంటితో తెలియదు, బస్తా పారేయండి.

దాణాను ఆవిరితో వేడిచేసి, నొక్కి పెల్లెట్ గుళికలుగా చేసేటప్పుడు వేడి 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్‌కు వెళ్తే పూత లేని ఎంజైమ్ చాలావరకు చచ్చిపోతుంది. గింజల్లో చిక్కుకున్న ఫాస్ఫరస్‌ను విడదీసి కోడికి అందించడమే ఫైటేజ్ పని. అది ఉంది కదా అని, వేడికి చచ్చిందేమో చూడకుండా ఫార్ములాలో ఖనిజ ఫాస్ఫేట్ తగ్గించేస్తే, కోళ్లకు ఫాస్ఫరస్ చాలక కాళ్లు బలహీనపడతాయి, ఎముకలు మెత్తబడతాయి. చల్లారిన పెల్లెట్ నమూనాను ల్యాబ్‌కు పంపి, ఎంజైమ్ ఎంత మిగిలిందో కాగితం చేతికి వచ్చాకే ఫాస్ఫేట్ మీద చెయ్యి వేయండి.