దేశదేశాలు తిరిగిన జపాన్ మిడ్‌ఫీల్డర్ ఆటజీవితాన్ని పట్టికలోంచి చదివే పద్ధతి

జపాన్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ జున్‌ఇచి ఇనమొతో పేరు కింద 12 క్లబ్బుల వరుస ఉంటుంది. గంబా ఒసాకాతో 1997లో మొదలైన ఆ వరుస ఆర్సెనల్, ఫుల్హమ్, వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్, కార్డిఫ్ సిటీ, గలతసరాయ్, ఐన్‌ట్రాఖ్ట్ ఫ్రాంక్‌ఫర్ట్, రెన్ క్లబ్బుల మీదుగా సాగి, తిరిగి స్వదేశంలోని కవసకి ఫ్రొంతాలే, కొన్సదోలే సప్పొరో, ఎస్‌సీ సగమిహర, నన్‌కత్సు ఎస్‌సీలతో ముగుస్తుంది. ఇటువంటి పట్టికను చూసి ఎక్కడా నిలదొక్కుకోలేకపోయాడని కొందరు తేల్చేస్తారు, ఆర్సెనల్ పేరు కనబడగానే మరికొందరు మురిసిపోతారు. రెండూ తొందరపాటు తీర్పులే. వరుసకూ వరుసకూ మధ్య ఉన్న కారణాన్ని పట్టుకున్నప్పుడే ఆ పట్టిక ఒక మనిషి వృత్తి జీవితంగా అర్థమవుతుంది. జపాన్ ఆటగాళ్ల గురించి తెలుగులో రాయదలచినవారి కోసం, ఇనమొతో ఉదాహరణతోనే ఆ పద్ధతిని వివరిస్తున్నాను.

మొదట పేరును సరిచూసుకోవాలి. జపనీయులు ఇంటిపేరును ముందు రాస్తారు, కాబట్టి అక్కడి పత్రాల్లో అతడు ఇనమొతో జున్‌ఇచి. ఈ విషయంలో మన లిపి మనకు మేలు చేస్తుంది. జపనీస్ భాషలో హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్నే మార్చగలదు, తెలుగులో ఎ-ఏ, ఒ-ఓ జంటలు ఉన్నందున ఆ తేడాను మనం ఉన్నది ఉన్నట్టు చూపగలం. వారి తకారం మన తకారానికే దగ్గర. ఇంగ్లీషు అక్షరాలను చూసి ‘ఇనమోటో’ అని రాసుకోవడం వల్ల ఈ రెండు సౌకర్యాలూ పోతున్నాయి. (తెలుగు మాట చివర హ్రస్వ ఒకారం మన నాలుకకు అలవాటు లేదు గనుక చివరి అక్షరాన్ని నేను సాగదీశాను, ఆ మాత్రం వెసులుబాటు తీసుకోవచ్చు.) ఒసాకా, టోక్యో వంటి స్థిరపడిన పేర్లను మాత్రం కదపకపోవడం మంచిది. ఒకే ఆటగాడికి రెండు పేర్లు ఉండే అవకాశాన్నీ మరచిపోరాదు. గుజరాతీ తండ్రికీ జపాన్ తల్లికీ పుట్టిన మిడ్‌ఫీల్డర్ అరత ఇజుమి ఈస్ట్ బెంగాల్, పుణె ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ జట్లకు ఆడాడు. మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు గనుక జపాన్ పౌరసత్వాన్ని వదులుకుని, 2013లో భారత జట్టులోకి వచ్చాడు. అతడి భారతీయ పేరు నీలకంఠ్ ఖంభోల్జా. ఈ సంగతి తెలియనివారు ఒక్క మనిషిని ఇద్దరిగా లెక్కించే ప్రమాదం ఉంది.

తరువాత కాలెండరు. జపాన్ లీగ్ సీజను చాలాకాలంగా వసంతం మొదట్లో ఆరంభమై డిసెంబరులో ముగిసేది, ఐరోపాలో ఆగస్టు నుంచి మే వరకు ఆడతారు. 2001 వేసవిలో ఆర్సెనల్‌కు వెళ్లిన ఇనమొతోకు అందువల్ల గంబాలో 2001 అనే సగం సీజనూ, ఇంగ్లండులో 2001-02 అనే సీజనూ పక్కపక్కనే ఉంటాయి. సంవత్సరాల వారీగా కూడితే ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది, కనుక క్లబ్బూ పోటీల వారీగానే కూడాలి. జపాన్ నాకౌట్ పోటీ అయిన చక్రవర్తి కప్ ఫైనల్‌ను ఎన్నో ఏళ్లు జనవరి 1న ఆడారు, తేదీ కొత్త ఏడాదిది అయినా ఆ మ్యాచ్ పాత సీజనుకే చెందుతుంది. 2026-27 నుంచి జపాన్ కూడా ఐరోపా పద్ధతికి మారాలని నిర్ణయించుకుంది గనుక ఈ చిక్కు ఇకముందు కొంత తగ్గవచ్చు. ఇంతకుముందటి ఆటగాళ్లకు మాత్రం తప్పదు.

లీగ్ అంచెలను గుర్తించడం దీనితో ముడిపడిన పని. జె-లీగ్ 1993లో 10 క్లబ్బులతో మొదలైంది, రెండో డివిజన్ (జె2) 1999లోనూ మూడోది (జె3) 2014లోనూ వచ్చాయి. ఇనమొతో 17 ఏళ్ల వయసులో తొలి మ్యాచ్ ఆడిన 1997లో డివిజన్ ఒక్కటే ఉంది, కాబట్టి ఆ వరుసలో ‘జె1’ అని రాయడం కాలదోషం. మూడు డివిజన్ల కింద జేఎఫ్‌ఎల్ (జపాన్ ఫుట్‌బాల్ లీగ్), దాని కింద ప్రాంతీయ లీగులు ఉంటాయి. పట్టికలో ప్రతి క్లబ్బు పక్కనా అది ఆ ఏడాది ఏ అంచెలో ఉందో రాసుకోండి. సప్పొరోలో అతడు ఉన్న 2016లోనే ఆ క్లబ్బు జె2 విజేతగా నిలిచి పై అంచెకు ఎక్కింది. సగమిహర 2020లో జె3 నుంచి జె2కు ఎక్కి, మరుసటి ఏడాదే దిగిపోయింది. ఆటగాడు కదలకుండానే అతడి అంచె మారిపోయిన సందర్భాలివి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించవలసినది బదిలీ స్వభావానికి. జపాన్ క్లబ్బుల ప్రకటనల్లో మూడు మాటలు పదేపదే కనిపిస్తాయి. ‘కన్‌జెన్ ఇసెకి’ అంటే పూర్తి బదిలీ, ‘కిగెన్‌త్సుకి ఇసెకి’ అంటే గడువు పెట్టి లోన్‌పై పంపడం, ‘కెయియకు మన్‌ర్యో’ అంటే ఒప్పందం ముగియడం. మూడోది వినడానికి మర్యాదగానే ఉంటుంది గాని, సీజను చివర ఆటగాడి పేరు పక్కన అది కనబడితే చాలాసార్లు క్లబ్బు అతడిని వదులుకున్నదనే అర్థం. ఇనమొతో విషయంలో ఆర్సెనల్‌లో ఒక సీజను, ఫుల్హమ్‌లో రెండు సీజన్లు లోన్ మీదే గడిచాయి, అంతకాలమూ అతడు కాగితం మీద గంబా ఆటగాడే. ఇంగ్లండులో ఒక క్లబ్బు అతడిని సొంతం చేసుకున్నది 2004లో వెస్ట్ బ్రామిచ్ కొన్నప్పుడే, అది కూడా జూన్‌లో మాంచెస్టర్‌లో ఇంగ్లండుతో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లో కాలి ఎముక విరిగిన కొద్ది నెలలకు. ఆ తేదీని బదిలీ తేదీ పక్కన పెట్టి చూడనివారికి, కొత్త క్లబ్బులో మొదటి సీజను ఎందుకంత పలచగా ఉందో, మధ్యలో కార్డిఫ్‌కు లోన్‌పై ఎందుకు వెళ్లవలసి వచ్చిందో బోధపడదు. కార్డిఫ్ వేల్స్‌లోని నగరమే అయినా దాని క్లబ్బు ఇంగ్లండు లీగులో ఆడుతుంది, కాబట్టి ‘ఎన్ని దేశాలు’, ‘ఎన్ని దేశాల లీగులు’ అన్న ప్రశ్నలకు జవాబులు వేరువేరు.

అనుమతుల నియమాలనూ చూడాలి. ఆ రోజుల్లో ఇంగ్లండులో పని అనుమతి కావాలంటే, ఐరోపా సమాఖ్య బయటి ఆటగాడు గత రెండేళ్లలో తన జాతీయ జట్టు ప్రధాన మ్యాచ్‌లలో 75 శాతం ఆడి ఉండాలి, ఆ దేశం ఫిఫా ర్యాంకింగ్స్‌లో తొలి 70 స్థానాల్లో ఉండాలి. అంటే జాతీయ జట్టులో చోటు పోతే క్లబ్బు తలుపూ మూతపడవచ్చు. అందరికీ ఐరోపా దారి దొరకదు కూడా. అల్బిరెక్స్ నీగత క్లబ్బు 2004 నుంచి సింగపూర్ లీగులో జపాన్ కుర్రాళ్లతో ఒక జట్టును ఆడిస్తూ వచ్చింది, ఇజుమి తొలి అడుగులు అక్కడివే. 2014-15లో మోహన్ బగాన్‌తో అప్పటి భారత అగ్ర లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచిన కత్సుమి యుస తరువాత దాని చిరకాల ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్‌కు మారాడు. కోల్‌కతా మైదానాన్ని ఎరిగినవారికి ఆ ఒక్క వరుస ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు స్థానం. అధికారిక జాబితాల్లో ఉండే ‘ఎంఎఫ్’ (మిడ్‌ఫీల్డర్) అనే రెండక్షరాలతో సరిపెట్టుకోకండి. డిఫెన్సు ముందు నిలిచి ఆటను నడిపే మిడ్‌ఫీల్డరును జపనీయులు ‘బొరంచి’ అంటారు, బ్రెజిల్ పోర్చుగీసు నుంచి వచ్చిన ఆ మాటకు మూలార్థం స్టీరింగు చక్రం. ఇనమొతో బొరంచియే, కాని అదను చూసి ముందుకు దూసుకుపోయే రకం. 2002 ప్రపంచ కప్‌లో బెల్జియంపైనా రష్యాపైనా అతడు గోల్స్ చేశాడు, రష్యాపై 1-0తో జపాన్ ప్రపంచ కప్ చరిత్రలోనే తొలి విజయం సాధించింది. అదే ఆగస్టులో ఐరోపా క్లబ్బుల వేసవి పోటీ అయిన ఇంటర్‌టోటో కప్ ఫైనల్ రెండో మ్యాచ్‌లో ఇటలీ క్లబ్బు బొలోన్యాపై ఫుల్హమ్ 3-1తో గెలిస్తే మూడు గోల్సూ అతడివే. అయినా 82 అంతర్జాతీయ మ్యాచ్‌లలో అతడి మొత్తం గోల్స్ 5 మాత్రమే. గోల్స్ గడిని చూసి ఈ స్థానంలోని ఆటగాడిని కొలవరాదని చెప్పడానికీ, ఆ రెండు ప్రపంచ కప్ గోల్స్ ఎంత అరుదైనవో చూపడానికీ ఈ ఒక్క అంకె చాలు.

మ్యాచ్‌ల సంఖ్యను పోటీల వారీగా విడదీయండి. ఆర్సెనల్ తరఫున అతడు ఆడినవి 4 మ్యాచ్‌లు, ప్రీమియర్ లీగులో ఒక్కటీ లేదు. ఆ సీజనులో ఆర్సెనల్ లీగ్ విజేత అయినంత మాత్రాన అతడి పేరు పక్కన ఆ టైటిలును చేర్చడం సరికాదని నా అభిప్రాయం.

ఇక రాసేటప్పుడు ఏ దశకు ఎంత చోటివ్వాలన్నది మిగిలింది. పేరున్న క్లబ్బుకు పేజీ, పేరులేని క్లబ్బుకు వాక్యం అన్న అలవాటును నేను ఒప్పుకోను. ఇనమొతో విదేశాల్లో గడిపింది ఎనిమిదిన్నర సీజన్లు. 2010లో కవసకిలో చేరిన తరువాత స్వదేశంలో గడిపింది 15 సీజన్లు. ఆ 2010లోనే అతడు తన మూడో ప్రపంచ కప్ జట్టులో ఉన్నాడు. ఆపైన ఒకటో డివిజన్ నుంచి రెండుకూ మూడుకూ దిగి, 2022లో టోక్యోలోని కత్సుషికకు చెందిన నన్‌కత్సులో, అంటే కాంతో ప్రాంతీయ లీగులో, ఐదో అంచెలో ఆడసాగాడు. ప్రపంచ కప్‌లో గోల్ చేసిన మనిషి 40 దాటాక అక్కడ ఎందుకు ఆడుతున్నాడన్న ప్రశ్నకు పట్టికలో గడి ఉండదు. దానికి క్లబ్బు ప్రకటనలనూ ఆటగాడి సొంత మాటలనూ వెదికి చదవాలి, దొరకకపోతే ఊహతో నింపక ఆ చోటును ఖాళీగా వదలాలి. చివరి వరుసలో రాయవలసినవి మాత్రం స్పష్టమే: నన్‌కత్సు ఎస్‌సీ, 2022-24, కాంతో లీగ్ ఒకటో డివిజన్, 45 ఏళ్ల వయసులో విరమణ.