ఉదయగిరి ముట్టడిని గేమ్‌గా చేయాలనుకుంటే

వార్‌గేమ్ చేద్దామనుకోగానే అందరూ పానిపట్టు మీద పడతారు. నెల్లూరు జిల్లాలో పుట్టి ఉదయగిరి కొండను వదిలేస్తే ఎట్లా? ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను 1513లో కృష్ణదేవరాయలు చుట్టుముట్టి, దాదాపు ఏడాదిన్నర కదలకుండా కూర్చున్నాడు. లెక్కలు పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు: బయట 34,000 కాల్బలం, 800 ఏనుగులు, లోపల 10,000 కాల్బలం, 400 గుర్రాలు. ఆయన రాసింది ఇరవై ఏళ్ల తర్వాత, కాబట్టి కళ్లకద్దుకోనక్కర్లేదు, మొదలుపెట్టడానికి మాత్రం చాలు.

తిండి ఆపితే తప్ప లొంగే కోట కాదని కూడా ఆయనే అన్నాడు. అందుకే దాడి బటన్ తర్వాత, ముందు గింజల లెక్క రాయండి. ఒక టర్న్ అంటే 15 రోజులు, మొత్తం 36 టర్న్‌లు. టర్న్‌కి కోట ఎంత తింటుంది, ఏ దారి తెరిచి ఉంది, అంతే.

మ్యాప్ ముందు కాగితం మీద గీయండి, ఆరు మూలల గళ్లతో. చదరపు గళ్లలో మూలకి జరిగితే దూరం 1.4 రెట్లవుతుంది, ఆరు మూలల వాటిలో ఎటు జరిగినా ఒకటే. గడిలోకి జరగడానికి మైదానానికి 1, వాలుకి 3 అని ఖర్చు పెట్టుకోండి. నేను ఏనుగు బలమైంది కదా అని బండరాళ్ల మీద కూడా 2 పెట్టాను. కావలి ఫ్రెండొకడు ఏనుగులన్నిటినీ నిలువు కొండ ఎక్కించి, నాలుగో టర్న్‌లో కోట పట్టేసి, టీ చెప్పమన్నాడు!

తర్వాత మార్చాను. న్యూనిజ్ చెప్పినట్టు బండలు పగలగొట్టి బాట వేస్తేనే ఆ గడిలోకి దారి, దానికి కాల్బలం మూడు టర్న్‌లు అక్కడే ఉండాలి. వాళ్లు బాట పనిలో ఉంటే కాపలా పలచబడుతుంది, ఆ సందులోంచి కోటలోకి ధాన్యం వెళ్తుంది. ఆట మొత్తం ఈ ఇరకాటంలోనే ఉంది.

ఇంజిన్‌కి, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కి, గోడో (Godot) చాలు, ఉచితం. కానీ 4వ వెర్షనే వాడండి, 3లో తెలుగు వత్తులు విడిపోతాయి. తెలుగు ఫాంట్‌ని కూడా ప్రాజెక్టులోనే పెట్టండి, లేకపోతే బ్రౌజర్‌లో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి (నాకు విడుదల రాత్రి తెలిసింది).

ముందు చిన్న గేమ్‌లు పెట్టుకునే సైట్ ఇచ్.ఐఓ (itch.io)లో ఉచితంగా పెట్టి నలుగురి చేత ఆడించండి, పక్కన నిలబడి సలహాలివ్వకండి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పెట్టాలంటే ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి, అమ్మకం 1,000 డాలర్లు దాటితే వెనక్కి వస్తాయి. కట్టాక 30 రోజులు ఆగాలి, ‘త్వరలో’ పేజీ కనీసం రెండు వారాలు కనిపించాలి, ఆపైన వాళ్ల పరిశీలన. సంక్రాంతికి విడుదలంటే దసరాకే డబ్బు కట్టేయండి.