నీలగిరి తోపు నుంచి అడవికి – 3వ పాఠం: వెలుతురు ఎంత ఇవ్వాలి?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు తోపుల్లో తిరిగి, నీలగిరి చెట్ల నీడలో మిగిలిన పాత అడవి మొక్కలకు గుడ్డపీలికలు కట్టమని గత పాఠంలో చెప్పాను. కట్టేటప్పుడు సందేహం వస్తే ఊళ్ళో సవర, కోంధు పెద్దలను అడగండి. ఆ కొండ మీద ఏ చెట్టు ఎక్కడుండేదో వాళ్ళకు బాగా తెలుసు.

నల్లమద్ది ఆకును తిరగేసి చూడండి. కాడ దగ్గర, నడిమి ఈనెను ఆనుకుని రెండు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. మొక్క మోకాలెత్తే ఉందని తీసిపారేయకండి. మొదట్లో మట్టి కాస్త తప్పిస్తే మణికట్టంత లావు వేరు బయటపడొచ్చు. నిప్పుకో మేకలకో పైకొమ్మ పోయినా ఆ వేరు మళ్ళీ చిగురిస్తుంది. గుగ్గిలం (సాల) మొక్కలూ అంతే. నర్సరీ మొక్కకు అంత వేరు ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే ముందు వీటిని బతికించుకోవాలి, నాటడం సంగతి తర్వాత.

తోపు మొత్తం ఒకేసారి నరకొద్దు. ఒక్కసారిగా ఎండ పడితే ముందు కమ్ముకునేది లాంటానా పొదలు, ఎత్తు గడ్డి. వేసవిలో వాటికి నిప్పంటుకుంటే మీరు గుర్తుపెట్టినవీ కాలిపోతాయి. ఈ ఏడు పీలిక కట్టిన మొక్క నెత్తిన నేరుగా నీడ వేసే రెండు మూడు చెట్లే తీయండి. అది ఏపుగా లేచాక వచ్చే ఏడు ఇంకొన్ని. తోపు అటవీ భూమిలో ఉంటే గ్రామసభలో మాట్లాడి, అటవీ శాఖ నుంచి అనుమతి కాగితం చేతికి వచ్చాకే గొడ్డలి పట్టండి.

ఇంగ్లండ్‌లోని ఎనర్‌డేల్ లోయలో 1920ల నుంచి కలప కోసం స్ప్రూస్ లాంటి సూదాకు చెట్లు దట్టంగా వేశారు. 2000ల మొదట్లో మొదలుపెట్టి వాటిని పలచన చేస్తూ, గాలోవే జాతి పశువులను కొద్దిగా మేపుతూ, స్థానిక చెట్లకు చోటిస్తున్నారు. ఆ ఓపిక మనకూ కావాలి. పనిలో మాత్రం తేడా ఉంది. నరికిన స్ప్రూస్ మోడు చచ్చిపోతుంది, నీలగిరి మోడు పిలకలు వేస్తుంది. బెత్తెడు పొడవు పెరిగేలోపే మొదలంటా విరిచేయండి. మళ్ళీ వస్తాయి, మళ్ళీ విరవాలి. మోడులో దాచుకున్న బలం అయిపోయేదాకా ఈ పని తప్పదు.

అక్కడక్కడా కొన్ని నీలగిరి చెట్లను ఉంచేయండి. పిట్టలు వాటి మీద వాలి నేరేడు, మర్రి గింజలు కింద వదులుతాయి.

తర్వాతి పాఠం గింజల గురించి. గుగ్గిలం గింజ వేసవి చివర రాలుతుంది, వారం దాటితే మొలవడం కష్టం. కాబట్టి మీ దగ్గర్లో కాసే గుగ్గిలం చెట్టు ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.