కథలు రాసేవాడి జమా ఖర్చులు

పగలు అకౌంట్లు రాస్తాను, రాత్రి కథలు రాస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే వరస. ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయండీ అని కొత్తగా రాసేవాళ్లు అడుగుతుంటారు. అది నాకూ తెలీదు. వచ్చినప్పుడు ఎలా పట్టుకోవాలో, అందుకు ఏం చెల్లించాల్సి వస్తుందో మాత్రం కొంత చెప్పగలను.

ముందు జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. ఫోన్ ఉందిగా అంటారు. ఫోన్ తీశానంటే రాయాల్సింది మర్చిపోయి ఇంకేదో చూస్తూ కూర్చుంటాను, నా సంగతి నాకు తెలుసు. నోట్‌బుక్‌లో మీ అభిప్రాయాలు కాదు, కంటికి కనిపించింది రాయండి. "ఒంటరితనం మీద కథ" అని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత ఆ ముక్క మీకే పనికిరాదు. నా పాత నోట్‌బుక్‌లో ఒకచోట ఇలా ఉంది: "ఆస్పత్రి బెంచీ మీద ఒకావిడ. రిపోర్టు కాగితాన్ని మడత మీద మడత పెట్టి అగ్గిపెట్టెంత చేసింది. విప్పి మోకాలి మీద సాపు చేసింది. మళ్లీ మడిచింది. చదవలేదు."

రెండేళ్లు అది అలాగే పడి ఉంది. ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే, ఆ రిపోర్టు ఆవిడది కాదేమో అనిపించింది. ఎవరికో చెప్పాల్సిన కబురు పట్టుకుని కూర్చుందేమో. తడి చేతులతోనే మొదటి పేరా రాశాను.

బట్టలు ఆరేసేటప్పుడే రావడం వింతేమీ కాదు. ఫ్రెంచ్ గణితవేత్త హెన్రీ పాయింకరే ఒక చిక్కు సమస్యతో రోజుల తరబడి కుస్తీ పట్టాడు. తర్వాత ఒక యాత్రకు వెళ్లాడు, ప్రయాణంలో పడి లెక్కల ఊసే మర్చిపోయాడు. బండి ఎక్కుతూ మెట్టు మీద కాలు పెట్టేసరికి తట్టింది. మెట్టు సంగతి అందరూ చెబుతారు, దానికి ముందరి కుస్తీ ఎవరికీ గుర్తుండదు. కాబట్టి పని సాగకపోతే ఒక గంట నిజాయితీగా కూర్చోండి, ఆ తర్వాత లేచి అంట్లు తోమండి, నడవండి. చేతులకు పని ఉండాలి, బుర్ర ఖాళీగా ఉండాలి. చెవుల్లో పాటలు పెట్టుకున్నారో, ఆ ఖాళీ కాస్తా నిండిపోతుంది. రోజూ ఒకే టైముకు కూర్చోమని అందరూ చెప్పేదే, నేను పొడిగించను.

ఇక ఖర్చు. "కళ కోసం అన్నీ వదులుకున్నా" అని ఎవరైనా అంటే, అకౌంట్లు రాసేవాడిగా నాకు ముందొచ్చే అనుమానం: అది ఎవరి ఖాతాలోంచి పోయింది? రేడియం మీద పరిశోధన చేసిన మేరీ క్యూరీ ఆ ఖర్చు తన ఒంటితోనే కట్టింది. ఆమె నోట్‌బుక్కుల్లో ఇప్పటికీ రేడియోధార్మికత ఉంది, సీసం పెట్టెల్లో దాచారు. రష్యన్ నవలాకారుడు టాల్‌స్టాయ్ లెక్క వేరు. 'యుద్ధము - శాంతి'కి మళ్లీ మళ్లీ సాపు ప్రతులు రాసిపెట్టింది ఆయన భార్య సోఫియా. 13 మంది పిల్లల్ని కన్నదీ ఆవిడే. 1910లో, 82 ఏళ్ల వయసులో, ఆయన ఇల్లు విడిచి వెళ్లిపోయి ఒక చిన్న రైల్వేస్టేషన్‌లో చివరి రోజులు గడిపాడు. ఆయనకు స్పృహ ఉన్నంతసేపూ సోఫియాను గదిలోకి రానివ్వలేదు.

మనం టాల్‌స్టాయ్‌లం కాకపోయినా బిల్లు మాత్రం వస్తుంది. నేను నవల రాస్తున్న రోజుల్లో మా ఆవిడ కళ్లజోడు కాడ విరిగింది. తెల్ల టేపు చుట్టుకుని అదే పెట్టుకు తిరుగుతోంది. నేను చూసేసరికి మూడు వారాలైంది. ఎప్పుడు విరిగిందని అడిగితే, "మీ పదో అధ్యాయంలో" అంది. ఆ మూడు వారాల్లోనే, బస్సులో ఎదురుగా కూర్చున్న ఎవరో మనిషి తెగిన చెప్పును పిన్నీసుతో ఎలా బిగించుకున్నాడో నాలుగు లైన్లు రాసుకున్నాను.

అప్పటి నుంచి నోట్‌బుక్ చివరి పేజీలో నిలువు గీత ఒకటి గీస్తున్నాను. రాయడం కోసం వదిలేసింది ఎడమవైపు, అది ఎవరిదన్నది కుడివైపు. నిద్ర, నాది. స్నేహితుడి ఇంట్లో పెళ్లి, నాది, సగం వాడిది. కుడివైపు నా పేరు ఎన్నిసార్లు వచ్చినా పర్లేదు. ఇంకొకరి పేరు వరసగా మూడుసార్లు వస్తే ఆ వారం పెన్ను ముట్టను. దీనివల్ల నవల ఏడాది ఆలస్యమైంది, అబద్ధం చెప్పను.

ఒక్క జాగ్రత్త. ఈ పేజీని మీరొక్కరే రాసుకుంటే లెక్క మీకే అనుకూలంగా తేలుతుంది. నెలాఖరున ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. పోయిన నెల "ఆదివారం సాయంత్రం, అమ్మాయిది" అని నేను రాసిన పద్దులో మా ఆవిడ "సాయంత్రం" కొట్టేసి, "ఆదివారం"ను "ఆదివారాలు"గా దిద్దింది.