వాగు సర్వే: మడుగును నిలబెట్టే మిట్టను వదిలేయొద్దు

ఎండాకాలంలో వాగు సన్నగా పారుతున్నా మడుగులో నడుం లోతు నీళ్లుంటాయి. వాటిని ఆపేది దిగువనున్న రాళ్ల మిట్ట. ఎంత ప్రవాహానికి చేపలకు ఎంత చోటు మిగులుతుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ కోసం చేసే సర్వే ఇది. ఇందులో ఆ మిట్ట తప్పిపోతే, ప్రవాహం తగ్గగానే మోడల్‌లో మడుగు ఖాళీ అయిపోతుంది. కొర్రమీను ఉండే చోటు కాగితం మీద మాయమవుతుంది.

అందుకే టేపు పట్టుకుని ఇరవై మీటర్లకొక క్రాస్ సెక్షన్ (వాగుకు అడ్డంగా ఒడ్డు నుంచి ఒడ్డుకు కొలిచే గీత) వేసుకుంటూ పోకండి. ముందు వట్టి చేతులతో వాగు వెంట ఒకసారి నడవండి. ప్రతి మిట్ట నెత్తిన ఒకటి, మడుగు బాగా లోతున్నచోట ఒకటి, మడుగులోకి నీరు దిగేచోట ఒకటి, వెడల్పు మారేచోట ఒకటి గుర్తు పెట్టుకోండి. సర్వే పొడవు వాగు వెడల్పుకు 10 నుంచి 20 రెట్లు ఉండాలి. 12 మీటర్ల వాగుకు 200 మీటర్లు సరిపోతుంది. అన్నిటికన్నా దిగువ సెక్షన్ మిట్ట మీదే పడాలి. నెమ్మదిగా పారే నీటికి మోడల్ లెక్క అక్కడ మొదలై ఎగువకు సాగుతుంది.

కదలని బండ మీద బెంచ్ మార్క్ (ఎత్తులన్నిటికీ ఆధారమయ్యే గుర్తు) పెట్టి దాని ఎత్తు 100.000 మీటర్లు అనుకోండి. ఎత్తుల తేడా చూపే ఆటో లెవెల్ పరికరంతో బయల్దేరి మళ్లీ అక్కడికే వచ్చి ముగించండి. రానూపోనూ 400 మీటర్లకు తేడా 8 మి.మీ. దాటితే మళ్లీ చేయాల్సిందే. స్టాఫ్‌ను (కొలత గీతలున్న నిలువు కర్రను) మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపిస్తే కనిపించే అతి తక్కువ రీడింగే సరైనది. బురదలో స్టాఫ్ దిగబడుతుంది, అడుగున రేకు పలక వేయండి. పాయింట్లు సమదూరంలో అక్కర్లేదు, వాలు మారిన ప్రతిచోటా కావాలి. గట్టు పైదాకా తీయకపోతే వరద లెక్కకు ఆ సెక్షన్ పనికిరాదు.

ప్రతి సెక్షన్‌లో రెండు ఒడ్డుల దగ్గరా నీటిమట్టం తీయండి, అన్నీ ఒకే పూట. మధ్యలో పైన వాన పడి మట్టం మారితే ఆ రోజు రీడింగులు కలపకూడదు. మొదట్లోనే ఒడ్డున ఒక కర్ర పాతి గీత పెట్టుకుంటే ఆ సంగతి వెంటనే తెలుస్తుంది.

డిశ్చార్జి, అంటే సెకనుకు పారే నీటి పరిమాణం, కొలవడానికి మిట్ట, మడుగు రెండూ వద్దు. నీరు తిన్నగా, సుడులు లేకుండా పారే చోటు చూడండి. వాగుకు అడ్డంగా 20–25 చోట్ల, ఒక్కో నిలువులో లోతు, వేగం తీయండి. ఏ ఒక్క నిలువులోనూ మొత్తం ప్రవాహంలో పదో వంతు మించకూడదు. 75 సెం.మీ. లోపు లోతైతే పైనుంచి 0.6 వంతు లోతున ఒక రీడింగు. అంతకు మించితే 0.2, 0.8 వంతుల దగ్గర రెండు తీసి సగటు. ఒక్కో రీడింగుకు కనీసం 40 సెకన్లు. కాళ్లు వేగం కొలిచే మీటర్‌కు ఎదురుగా కాకుండా పక్కకు, కాస్త దిగువకు ఉండాలి. మీటర్లలో లోతునూ సెకనుకు మీటర్లలో వేగాన్నీ గుణిస్తే 1కి చేరువైతే నీళ్లలోకి దిగొద్దు.

వేసవి, వానలు తగ్గాక, నిండుగా పారేటప్పుడు, ఇలా మూడుసార్లు కొలవండి. కొలిచిన అతి తక్కువ ప్రవాహంలో 0.4 వంతు కిందికీ, అతి ఎక్కువకు 2.5 రెట్ల పైకీ మోడల్‌ను సాగదీయకండి.

ఇక నీటిమట్టాలు లెక్కగట్టే హెచ్‌ఈసీ-రాస్ సాఫ్ట్‌వేర్‌లో మ్యానింగ్ 'ఎన్' (వాగు అడుగు గరుకుదనాన్ని చెప్పే అంకె) సర్దడం. గులకరాళ్ల వాగుకు 0.04 దగ్గర మొదలుపెట్టి, కొలిచిన నీటిమట్టాలకు 2–3 సెం.మీ. లోపు వచ్చేదాకా మార్చండి. తక్కువ ప్రవాహంలో 'ఎన్' కొంత పెరగడం సహజమే. కానీ మట్టం కుదరడానికి 0.15 కావాల్సి వస్తోందంటే అది గరుకుదనం కాదు, మీరు వదిలేసిన మిట్ట.

చేపల కోసం ప్రతి సెక్షన్‌లో వాగు అడుగున ఏముందో కూడా రాయండి: 2 మి.మీ. లోపు ఇసుక, 64 వరకు గులక, 256 వరకు గుండ్రాళ్లు, ఆపైన బండలు. కిందికి చూడకుండా చేతికందిన వంద రాళ్లు తీసి, ఒక్కోదాని మధ్య కొలత (పొడవూ మందమూ కాదు, వెడల్పు) నమోదు చేస్తే చాలు. ఒడ్డు వేర్లు, నీడ, పెద్ద బండల వెనక నిలకడ నీరు కూడా విడిగా రాసుకోవాలి. మోడల్ ఇచ్చేది నిలువంతా కలిపిన సగటు వేగం. బండ చాటున ఉన్న చేపకు తగిలేది అందులో కొంతే. అమెరికా ట్రౌట్ చేపలకు గీసిన అనుకూలత వక్రరేఖలను (ఏ లోతు, ఏ వేగం చేపకు ఎంత నచ్చుతుందో చూపే గీతలను) కొర్రమీనుకు తగిలిస్తే లెక్క తిరగబడుతుంది: ట్రౌట్‌కు పారే చల్లటి నీరు కావాలి, కొర్రమీనుకు నాచు పట్టిన నిలవ నీరు చాలు. మన చేపలకు రేఖలు దొరకకపోతే, అవి పట్టుబడ్డ చోట్ల లోతు, వేగం, అడుగు మీరే కొలిచి గీయాలి.